టైర్ల రింగులో గుర్వమ్మ అంబాసిడర్

గుర్వమ్మ కారు నేర్చుకున్నది సరదాకు కాదు, కోపానికి.

కట్టంగూర్ మండలంలో హైవేకు కొంచెం ఎడంగా ఉన్న పల్లె ఆమెది. గొర్లు, మేకలు కాసుకునే ఇల్లు. పెనిమిటి చెన్నయ్యకు మాత్రం మంద వెంట నడవడం కన్నా బండ్ల మీద మోజు ఎక్కువ. ఎవరి ఇంటి ముందు కొత్త బండి ఆగినా దాని చుట్టూ తిరిగి, టైరును కాలితో తన్ని చూసి గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. తెలంగాణ రావడానికి కొన్నేళ్ల ముందు, నల్లగొండలో ఒక కాంట్రాక్టరు వదిలించుకుంటున్న పాత డీజిల్ అంబాసిడర్‌ను తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. పెళ్ళిళ్ళకు, దవాఖానకు కిరాయికి తిప్పుతానన్నాడు.

కారు మంచిదే. ఒక్కటే రోగం, పొద్దున పూట సెల్ఫు అందుకోదు. నూకాలి. చెన్నయ్య స్టీరింగు ముందు దొరలాగా కూర్చునేవాడు. గుర్వమ్మ కొంగు నడుముకు దోపుకొని వెనక నుంచి నూకేది. ఇంజను అందుకోగానే చెన్నయ్య కిటికీలోంచి చెయ్యి ఊపి వెళ్ళిపోయేవాడు. పొగంతా ఆమె మొహాన కొట్టేది. అలా ఒక ఏడాది గడిచింది.

ఒక వానాకాలం పొద్దున నూకుతూ నూకుతూ ఆమె కాలు జారి బురదలో మోకాళ్ళ మీద పడింది. కారు నాలుగడుగులు పోయి ఆగింది. "ఏమైందే, ఆపినవ్?" అని లోపలి నుంచి చెన్నయ్య అడిగాడు. గుర్వమ్మ లేచింది. చేతులు చీరకు తుడుచుకుంటూ డ్రైవరు పక్క తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"దిగు," అన్నది.

"ఎందుకు?"

"నేను కూసుంట. నువ్వు నూకు."

"నీకు నడుపుడు వస్తదా?"

"నూకుడు మాత్రం మా అమ్మ నేర్పి పంపిందా? అదెట్లొచ్చిందో ఇది గట్లనే వస్తది."

చెన్నయ్య దిగాడు. మంచి మనిషి, అందుకే దిగాడు. క్లచ్ ఏదో, బ్రేకు ఏదో చూపించి, వెనక్కి వెళ్ళి నూకడం మొదలుపెట్టాడు. ఇంజను అందుకుంది. గుర్వమ్మకు ఆపడం తెలియదు కాబట్టి ఆపలేదు. కారు నేరుగా పోయి పక్కింటివాళ్ళ గడ్డివాములో సగం దాకా దూరి, అక్కడే ఊపిరి వదిలేసింది. ఆమె దిగి, నెత్తిన గడ్డిపోచలతోనే అన్న మాట ఇప్పటికీ ఆ ఊళ్ళో చెప్పుకుంటారు: "ఇంతేనా? దీనికేనా నువ్వు గంత ముచ్చట చెప్తవ్?"

ఆనాటి నుంచి ఆమె కూర్చోవడం, ఆయన నూకడం. నెమ్మదిగా ఊరి చివరి దాకా, తర్వాత కట్టంగూర్ దాకా నడిపింది. వెనక సీటు పీకేసి, గోనెపట్టాలు పరిచి, మేకల్ని సంతకు తోలుకుపోయేది. ముందు సీట్లో ఎవరో ఒక ముసలవ్వ దవాఖానకు కూర్చునేది. మేక ఒకటి వెనక నుంచి మెడ చాచి ఆ అవ్వ కొప్పులోని పూలు నమిలేది. కారును ఎన్నిసార్లు కడిగినా మేకల వాసన పోలేదు. పెళ్ళి కిరాయిలు ఆగిపోయాయి. సంత కిరాయిలు మాత్రం పెరిగాయి.

చిట్యాలలో హైవే పక్కన రేకుల షెడ్డు కింద కరీం మెకానిక్ దుకాణం ఉంది. అంబాసిడర్‌కు ఏం వచ్చినా అక్కడికే. కరీంకు మాటలు తక్కువ, చెయ్యి మంచిది. షెడ్డు పక్కనే ఆయన భార్య లాడ్లీ బేగం చాయ్ బండి నడిపేది. ఆమెకు మాటలు ఎక్కువ, ఆయన వాటా కూడా ఆమే మాట్లాడేది. గుర్వమ్మను వెంటపెట్టుకుపోయి డ్రైవింగు లైసెన్సు ఇప్పించింది కరీమే. "పోలీసోళ్ళు ఆపితే ఏం చెప్తవ్ చెల్లె? మేకలకు లైసెన్సు ఉందని చెప్తవా?" అన్నాడట.

ఆ కరీంకు ఒక పిచ్చి ఉండేది. షెడ్డు గోడకు ఎప్పటిదో ఒక ఆయిలు కంపెనీ క్యాలెండరు తగిలించి ఉండేది. నెలలు చిరిగిపోయినా బొమ్మ మిగిలింది. ఏదో దేశంలో, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న రోడ్డు మీద మామూలు కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోటీ పడుతున్న బొమ్మ. అవి రేసు కోసం తయారైన కార్లు కావు, మనం రోడ్డు మీద చూసేలాంటివే. కరీం దాని కింద నిలబడి చాయ్ తాగేవాడు.

అటువంటి రోడ్డే ఒకటి చిట్యాల దాటాక, హైవే నుంచి లోపలికి ఉంది. ఎన్నడో మూతపడిన ఒక టైర్ల కంపెనీ తన టైర్లను పరీక్షించుకోవడానికి వేసుకున్న సిమెంటు రోడ్డు అది. రెండు పొడుగాటి దారులు, వాటిని కలుపుతూ రెండు మలుపులు. మలుపుల దగ్గర రోడ్డు లోపలివైపుకు కొంచెం వాలి ఉంటుంది. జనం దాన్ని టైర్ల రింగు అనేవాళ్ళు. కంపెనీ పోయాక చుట్టుపక్కల రైతులు దాని మీద వడ్లు ఆరబోసుకునేవాళ్ళు. సిమెంటు నెర్రెల్లో గడ్డి మొలిచింది.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు ఎండాకాలం చివర్లో, యాసంగి వడ్లన్నీ ఎత్తేశాక, మెకానిక్కుల సంఘం తరఫున అక్కడ పాత కార్ల పోటీ పెట్టాలని కరీం లేచాడు. ఎలా ఒప్పించాడో గానీ, జాగా వాళ్ళను ఒప్పించాడు, ఠాణాలోనూ ఒప్పించాడు. అసలు పని చేసింది లాడ్లీ బేగం చాయే అని కొందరంటారు. కార్లు పాతవై ఉండాలి. ఇంజన్లకు మార్పులు చెయ్యకూడదు. అద్దాలు, లైట్లు పీకేయాలి, తలుపులు తాళ్ళతో కట్టేయాలి, నెత్తికి హెల్మెట్, ఒంటికి బెల్టు ఉండాలి. ఇరవై చుట్లు. గెలిచినవాళ్ళకు ఒక పొట్టేలు.

చెన్నయ్య పేరిచ్చాడు. పదిహేను రోజులు ఆయన నేల మీద నడవలేదు. మీసాలకు నూనె పెట్టి, అంబాసిడర్‌కు నిమ్మకాయలు కట్టి, ఊళ్ళో ఎదురైన వాళ్ళకల్లా మలుపు ఎలా తీసుకోవాలో చేతులతో చూపించాడు.

పోటీ నాటి పొద్దున అందరికీ ఒక్కొక్క చుట్టు తిరిగి చూసుకునే వీలిచ్చారు. చెన్నయ్య ఎక్కి, తిరిగి వచ్చాడు. కారు వచ్చి ఆగింది గానీ ఆయన దిగలేదు. గుర్వమ్మ దగ్గరికి పోయి చూస్తే మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. తాళ్ళు విప్పి దింపగానే టైరు పక్కన కూర్చొని, పొద్దున తిన్న జొన్న రొట్టె అంతా కక్కేశాడు.

"ఏమైంది?" అని కరీం గాబరాగా వచ్చాడు.

"కండ్లు తిరుగుతున్నయ్ భాయ్," అన్నాడు చెన్నయ్య. "సక్కగ పోయినంతసేపు మంచిగనే ఉంది. మలుపు దిక్కు రాంగనే భూమి నా మీదికొచ్చింది."

జాతరలో రంగులరాట్నం ఎక్కినా ఆయనకు ఇంతేనని గుర్వమ్మకు తెలుసు. చెప్తే వినడని ఊరుకుంది. చెన్నయ్య నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, కాసేపు కార్ల వైపు, జనం వైపు చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"నువ్వు నడుపు," అన్నాడు.

"నేనా? గీ మొగోళ్ళ నడుమనా?"

"రోజూ మేకల నడుమ నడుపుతలేవా? ఊరందరికీ చెప్పొచ్చిన గుర్వా. కారు ఇంటికి ఊకె పోతే నేను ఊళ్ళె తిరగలేను."

సంఘంలో ఒకరిద్దరు అడ్డం చెప్పారు. ఆడమనిషికి ఏమన్నా అయితే ఎవరు పట్టుకోవాలన్నారు. మాట తక్కువ కరీం ఆ రోజు మాట్లాడాడు. "కారు పాతది ఉండాలని రాసుకున్నం, మొగోడు ఉండాలని రాసుకోలే. లైసెన్సు ఉంది. మీ అందరి కన్న మంచిగ గేరు మారుస్తది. నేను చూసిన." వెనక నుంచి లాడ్లీ బేగం ఇంకా చాలా మాట్లాడింది. గొడవ సద్దుమణిగింది. హెల్మెట్ గుర్వమ్మ కొప్పు మీద ఊగుతుంటే చెన్నయ్య తన తువ్వాలు తీసి చుట్టి సరిచేశాడు. బెల్టు తానే బిగించాడు.

"భయమైతే ఆపేయ్," అన్నాడు మెల్లగా. "నూకి స్టార్ట్ చేసుకుందం మళ్ళ."

"పో పోయి నీడల కూసో," అన్నదామె.

ఆరు కార్లు వరుసగా నిలబడ్డాయి. కరీం తన నీలం మారుతీతో ముందున్నాడు. అందరికన్నా చివర, లారీ డ్రైవరు పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న శ్రీశైలం, తన టాపు లేని జీపుతో ఉన్నాడు. మైకు కమలాకర్ చేతిలో ఉంది. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు, ఫంక్షన్లకు మైకు పట్టేది ఆయనే. రేసు ఆయనకు కొత్త. జెండా ఊపగానే అలవాటు కొద్దీ, "శుభ ముహూర్తం ఆసన్నమైంది, కార్లు వేదిక ముందుకు విచ్చేస్తున్నాయి," అన్నాడు. జనం గొల్లుమన్నారు. లారీల మీద, గోడల మీద, రోడ్డు రోలరు మీద కూడా జనమే. మేము కట్టంగూర్ నుంచి వచ్చినవాళ్ళం రెండో మలుపు దగ్గర కంచె పక్కన నిలబడ్డాం. ఆ మలుపు బయటి వైపున్న పిట్టగోడ మీదే లాడ్లీ బేగం చాయ్ కెటిలుతో కూర్చుంది.

మొదటి చుట్లలో గుర్వమ్మ వెనకే ఉంది. మలుపులో కారు ఒరిగినప్పుడల్లా వెనక మేకలు ఒకవైపుకు పడతాయేమోనని అలవాటుగా తిరిగి చూసిందట. వెనక ఏమీ లేదని గుర్తుకొచ్చాక ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత ఆమె మాతో చెప్పిన మాట ఇది: "ఎప్పుడు స్టీరింగు పట్టినా ఏడికో ఒక కాడికి పోవాలె. సంతకో, దవాఖానకో. లోపల ఉన్నోళ్ళు మొత్తుకుంటుంటరు. ఆ రోజు ఏడికీ పోయేది లేదు. ఊకె నడుపుడే. గంత సుఖం ఉంటదని నాకు ఎరుక లేకుండె."

ఆ సుఖం కాలికి దిగింది. ఆమె తొక్కింది. అంబాసిడర్ నల్లటి పొగ వదిలి ముందుకు దూకింది. నకిరేకల్ నుంచి వచ్చిన ఒక కుర్రవాడి కారును దాటింది. వాడు ఊరుకోక వెనక నుంచి వచ్చి బంపరుతో పొడిచాడు. మళ్ళీ పొడిచాడు. రెండోసారి అతని రేడియేటరే పగిలి, ఆవిరి చిమ్ముతూ గడ్డిలోకి పోయి ఆగాడు. అంబాసిడర్ డిక్కీ మీద చిన్న సొట్ట పడింది, అంతే. మరొక కారు టైరు పేలి ఆగింది. ఇంకొకటి ఎందుకో తెలియదు, తనంతట తానే ఆగిపోయింది. "వధువు తరఫు కారు ముందుకు దూసుకొస్తోంది," అన్నాడు కమలాకర్.

పదిహేడో చుట్టుకు కరీం మొదట, గుర్వమ్మ రెండో స్థానం. మిగిలిన ఒక్క జీపు చాలా వెనక. రెండింటి మధ్య అరకారు ఎడం కూడా లేదు. అప్పుడు పొడుగాటి దారిలో, మారుతీ బానెట్టు ఒక్కసారిగా పైకి లేచి ముందు భాగాన్నంతా మూసేసింది.

ఏమైందో మాకు ఒక క్షణం అర్థం కాలేదు. కారు ముందు రేకు గోడ నిలబడ్డట్టయింది. కరీం తల పక్కకు బయటపెట్టి చూస్తున్నాడు. వేగం మాత్రం తగ్గలేదు. తర్వాత తెలిసింది, వేడికి బ్రేకులు పోయాయి. పెడలు తొక్కితే నేలకు తగులుతోందట. ఎదురుగా రెండో మలుపు. మలుపు బయట పిట్టగోడ. గోడ మీద జనం, లాడ్లీ బేగం.

గుర్వమ్మ పక్కకు వచ్చింది. తలుపుల్లో అద్దాలు లేవు కాబట్టి మాట వినపడింది.

"అన్నా, బ్రేకు కొట్టు."

"పడ్తలేదు చెల్లె. ఏం అగుపడ్తలేదు. నువ్వు తప్పుకో."

ఆమె తప్పుకోలేదు. గట్టిగా తొక్కి మారుతీని దాటింది. దాటేటప్పుడు, "నా వెనకకు రా, నన్ను గుద్దు, భయపడకు," అని అరిచింది. దాటి సరిగ్గా దాని ముందుకు వచ్చింది. కాలు బ్రేకు మీద పెట్టింది, ఒక్కసారి కాదు, కొంచెం కొంచెంగా. మారుతీ వచ్చి అంబాసిడర్ డిక్కీకి తగిలింది. రేకు నలిగిన చప్పుడు అయింది. మళ్ళీ తగిలింది, ఈసారి అంటుకుని ఉండిపోయింది. బరువైన కారు, తేలిక కారును తన వీపు మీద ఆనించుకున్నట్టు, రెండూ కలిసి ఒకే బండిలా జారుతూ మలుపులోకి వచ్చాయి. టైర్ల నుంచి పొగ లేచింది. మైకు మూగబోయింది. గోడ మీది జనం అవతలికి దూకారు. లాడ్లీ బేగం మాత్రం దూకలేదు. కెటిలు పట్టుకొని అలాగే కూర్చుంది.

గోడకు ఒక మంచం పట్టేంత దూరంలో రెండు కార్లూ ఆగాయి.

కరీం తాడు విప్పుకొని దిగాడు. గుర్వమ్మ దిగలేదు. ఆమె కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. ఎంత చెప్పినా తియ్యలేకపోయింది. చెన్నయ్య పరిగెత్తుకొచ్చి, లోపలికి వంగి, రెండు చేతులతో ఆమె పాదాన్ని పట్టుకుని పెడలు మీంచి తీశాడు. "అయిపోయింది గుర్వా, ఆగినయ్," అన్నాడు. అప్పుడు ఆమె ఏడ్చింది. కొంచెమే. తర్వాత చాయ్ అడిగింది.

లాడ్లీ బేగం గోడ దిగి వచ్చి గుర్వమ్మను కావలించుకుంది. వెంటనే మొగుడి వైపు తిరిగింది.

"ఊరోళ్ళ బానెట్లన్నీ బిగిస్తవ్. నీ బానెట్ ఎవరు బిగించాలె, మా నాయినా?"

కరీం గుర్వమ్మ ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. ఆమె అతని చేతులు కిందికి దించింది. "ఊకో అన్నా. నా డిక్కీ మంచిగ చేసియ్యి, చాలు," అన్నది.

ఈ గొడవలో అందరూ మరిచిపోయిన సంగతి ఒకటుంది. శ్రీశైలం జీపు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆయన మొదటి నుంచీ బయటి అంచున, లారీ నడిపినట్టు నెమ్మదిగా, ఎవరినీ దాటకుండా తిరుగుతున్నాడు. ఆగిన కార్ల పక్క నుంచి జాగ్రత్తగా పోయి, చెయ్యి ఎత్తి, "ఏమన్న సాయం కావాల్నా?" అని అడిగి, వద్దంటే మళ్ళీ తిరిగాడు. చుట్లు లెక్కపెట్టేవాళ్ళు తేరుకునేసరికి ఆయన ఇరవై పూర్తి చేశాడు. జెండా ఊపారు. ఆయన చూడలేదు, ఇంకా రెండు తిరిగాడు. చివరికి కమలాకర్ మైకులో, "శ్రీశైలం గారూ, దయచేసి వేదిక వద్దకు రండి, మీరు గెలిచారు," అని చెప్పాల్సి వచ్చింది.

"నేనా?" అన్నాడు ఆయన జీపు ఆపి. "ఇంకెవరు నడుపుతలేరా?"

పొట్టేలును ఆయన చేతికిచ్చారు. చిట్యాలలో ఇరుకు గల్లీలో రెండు గదుల ఇల్లు ఆయనది. పొట్టేలు తాడు పట్టుకుని దిక్కులు చూస్తుంటే గుర్వమ్మ వచ్చి దాని నోరు తెరిచి పళ్ళు చూసింది. "జర ముసలిదే. అయినా మా మందల ఉండనియ్యి, దసరాకు వచ్చి చూసుకో," అన్నది. నలిగిన డిక్కీతో, వెనక పొట్టేలుతో, పక్కన చెన్నయ్యతో అంబాసిడర్ సాయంత్రం ఇంటికి పోయింది. ఊళ్ళో డప్పులు తెచ్చారు. ఓడిపోయినవాళ్ళకు డప్పులెందుకని గుర్వమ్మ సిగ్గుపడింది. చెన్నయ్య సిగ్గుపడలేదు. తన కళ్ళు తిరిగిన ముచ్చట కూడా దాచకుండా, మొదటి నుంచి చెప్పుకుంటూ ఊరంతా తిరిగాడు. దసరాకు శ్రీశైలం వచ్చి పొట్టేలును చూశాడు. కొయ్యడానికి మనసొప్పక, బెల్లం పెట్టి వెళ్ళిపోయాడు.

పోటీ మళ్ళీ ఎన్నడూ జరగలేదు. ఠాణావాళ్ళు ఒకసారికే చాలన్నారు. తర్వాత ఆ జాగా ఎవరో కొన్నారు, రింగు పగలగొట్టి గోదాములు కట్టారు. అంబాసిడర్ కూడా ఒక దశకు వచ్చి ఇక చాలనుకుంది. దాని స్థానంలో ఇప్పుడు గుర్వమ్మకు ఒక ట్రాలీ బండి ఉంది. యాభై దాటినా సంత రోజు తెల్లారగట్లే బయల్దేరుతుంది. సెల్ఫు మంచిగా అందుకుంటుంది. చెన్నయ్య పక్క సీట్లో కూర్చొని దారి పొడుగునా ముచ్చట్లు చెప్తాడు. మలుపులు వస్తే మాత్రం కళ్ళు మూసుకుంటాడు.

పోటీ అయిన వారానికి లాడ్లీ బేగం చాయ్ బండి మూసి నేరుగా గుర్వమ్మ ఇంటికి వచ్చింది. "నాకు నేర్పియ్యి," అన్నది.

"కరీం అన్న ఉన్నడు గద వదినా, అన్న నేర్పడా?"

"ఆయన నేర్పితే నేను ఒర్రుత, ఆయన ఊకుంటడు. గట్ల నేర్చుకునుడు కాదు. ఆ రోజు గోడ మీద నాకు కాళ్ళు లేవలే గుర్వమ్మా. బండి వస్తాందని తెలుస్తాంది, ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు. నువ్వు లోపల ఉండి చేసినవ్. నాకు గది కావాలె."

గుర్వమ్మ నేర్పింది. సులువుగా ఏం రాలేదు. లాడ్లీ బేగం గేరు మారుస్తూ కూడా మాట్లాడేది, మాటలో పడి మూడో గేరుకు బదులు మొదటిది వేసేది. ఎనిమిది అంకె తిరిగే పరీక్షలో ఒకసారి తొమ్మిది తిరిగి వచ్చింది. అయినా లైసెన్సు వచ్చింది. ఆమెను చూసి చిట్యాల, కట్టంగూర్ చుట్టుపక్కల నుంచి ఆడవాళ్ళు వచ్చారు. ఆశా వర్కరు గ్లోరీ వచ్చింది, బీడీలు చుట్టే వాళ్ళు వచ్చారు. ఎంతమందికి నేర్పావని అడిగితే గుర్వమ్మ చెప్పలేదు. "మందల ఎన్ని ఉన్నయంటే చెప్త. గిది ఎవరు ఎంచిన్రు?" అంటుంది.

పోయిన నెల గుర్వమ్మకు కళ్ళద్దాలు మార్చాల్సి వచ్చింది. కళ్ళలో మందు వేసి చూస్తారు కాబట్టి తిరుగు దారిలో నడపకూడదన్నారు. లాడ్లీ బేగం తన చిన్న కారు తీసుకొచ్చి నల్లగొండ తోలుకుపోయింది. పోయేటప్పుడు గుర్వమ్మ ఉత్త కాలితోనే నేల మీద బ్రేకులు తొక్కుతూ కూర్చుంది. లారీ దాటేటప్పుడల్లా, "హారను కొట్టు వదినా," అంటూనే ఉంది. వచ్చేటప్పుడు మందు వేసిన కళ్ళు మూసుకోక తప్పలేదు. లాడ్లీ బేగం తన పెద్ద బిడ్డ అత్తగారింటి సంగతులు మొదలుపెట్టి, నార్కట్‌పల్లి దాకా ఆపకుండా చెప్పింది. మధ్యలో ఏదో అడిగితే జవాబు రాలేదు. తిరిగి చూస్తే గుర్వమ్మ తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరిచి, గురక పెడుతోంది.

లాడ్లీ బేగం మాట ఆపేసింది. నాలుగో గేరులో, మెల్లగా, గతుకులు తప్పిస్తూ కట్టంగూర్ వైపు నడిపింది.